గుండె తాళం తప్పినప్పుడు అసలు ప్రమాదం ఎక్కడుంది?

మా అమ్మ 78వ ఏట మెట్లెక్కుతూ మధ్యలో ఆగడం మొదలుపెట్టింది. ఏమైందని అడిగితే "వయసు మీద పడింది కదరా, ఆయాసం రాదూ" అనేది. గుండె దడ అన్న మాట ఒక్కసారి కూడా ఆమె నోట రాలేదు. ఓ సాయంత్రం ఒళ్లు వెచ్చగా ఉందేమోనని చెయ్యి పట్టుకున్నాను. జ్వరం లేదు. కానీ నా వేళ్ల కింద నాడి మామూలుగా లేదు. రెండు దెబ్బలు వెంటవెంటనే, ఆ తర్వాత కాస్త ఖాళీ, తర్వాత ఒకటి గట్టిగా, ఇంకొకటి ఉందో లేదో అన్నట్టు, మళ్లీ మూడు గబగబా. నిమిషం పాటు లెక్కపెడదామంటే లెక్కే కుదరలేదు. ఏ రెండు దెబ్బల మధ్యా ఎడం ఒకేలా లేదు.

మర్నాడు ఈసీజీ తీశారు. డాక్టరుగారు ఆ కాగితం మా ముందు పరిచి వేలు పెట్టి చూపించారు. "ఈ నిటారు గీతలు చూడండి, ఒక్కోటి ఒక్కో దూరంలో ఉన్నాయి. మామూలుగా అయితే ప్రతి నిటారు గీతకు ముందు ఒక చిన్న గుట్టలాంటిది కనపడాలి. ఇక్కడ అది లేదు, గీత ఊరికే వణుకుతోంది" అన్నారు. దాని పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. డాక్టర్లు పొట్టిగా ఏఎఫ్ అంటారు. పెద్దవయసులో ఎక్కువగా కనిపించే, తగ్గకుండా కొనసాగే లయదోషం ఇదే. 60 లోపు వాళ్లలో అరుదు. 80 దాటినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది.

ఆ రోజు నుంచి ఈ జబ్బు గురించి చదువుతూ, డాక్టర్లను అడుగుతూ వచ్చాను. ఇలాంటి అమ్మానాన్నలున్న చాలామందితో మాట్లాడాను. అందరిలోనూ ఒకే గందరగోళం కనపడింది. దడ తగ్గితే జబ్బు తగ్గినట్టే అనుకుంటారు. దడ లేకపోతే మాత్ర ఎందుకని అడుగుతారు. కానీ ఈ జబ్బులో మనిషిని పడగొట్టేది సాధారణంగా దడ కాదు. దడతో సంబంధం లేకుండా, ఏ చప్పుడూ చేయకుండా, గుండెలో ఒక మూల రక్తం గడ్డకట్టడం. ఈ ఒక్క ముక్క అర్థమైతే డాక్టరు రాసిచ్చిన చీటీలో ఏ మాత్ర ఎందుకుందో దానంతట అదే తెలిసిపోతుంది.

తడబాటు అంతా ఒకటి కాదు

ముందు ఒక భయం తీసేయాలి. గుండె ఒక దెబ్బ మిస్సయినట్టనిపించి, వెంటనే ఛాతీలో "ధన్" మని ఒకటి గట్టిగా కొట్టిందంటే అది చాలావరకు ఏఎఫ్ కాదు. వాటిని ఎక్టోపిక్ బీట్స్ అంటారు. రావాల్సిన సమయం కన్నా ముందే ఒక దెబ్బ వచ్చేస్తుంది. అప్పటికి గుండె పూర్తిగా నిండలేదు కాబట్టి అది మనకు తెలియదు. ఆ తర్వాత కాస్త విరామం వస్తుంది. ఆ విరామంలో గుండె ఎక్కువ నిండుతుంది కనుక తర్వాతి దెబ్బ బలంగా తగులుతుంది. అంటే మనం "ఆగిపోయింది" అనుకున్నది నిజానికి ఆగిపోవడం కాదు. వయసుతో ఇవి పెరుగుతాయి. గుండె కండరం బాగుంటే చాలామందికి వీటికి మందే అక్కర్లేదు. మరీ ఎక్కువగా వస్తుంటే ఎకో (గుండె స్కానింగ్), హోల్టర్ (24 గంటలూ ఒంటికి తగిలించి ఉంచే ఈసీజీ) చేసి చూస్తారు.

రెండో రకం, గుండె మరీ నెమ్మదించడం. గుండెకు తాళం వేసే కణాలు కుడివైపు పై గది గోడలో ఒక చిన్న గుంపుగా ఉంటాయి. దాన్నే సైనస్ నోడ్ అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కణాలు తగ్గి, వాటి చోట నారలాంటి పదార్థం చేరుతుంది. నోడ్ నుంచి కింది గదులకు కరెంటు వెళ్లే దారి కూడా అరుగుతుంది. నాడి 40 దగ్గరకు పడిపోవడం, మధ్యలో రెండు మూడు సెకన్లు ఆగిపోవడం, నిలబడ్డ మనిషి హఠాత్తుగా కూలిపోవడం, ఇవి దాని గుర్తులు. పెద్దవాళ్లు పడిపోతే "కాలు జారింది" అని సరిపెట్టుకుంటాం. ఎలా పడ్డారో వాళ్లకు గుర్తులేకపోతే మాత్రం ఈసీజీ తీయించాల్సిందే. ఈ రకానికి పేస్‌మేకర్ అనే, గుండెకు సమయానికి సంకేతం అందించే చిన్న యంత్రం చక్కగా పనిచేస్తుంది.

మూడోది ఏఎఫ్. ఇక్కడి నుంచి అంతా దాని గురించే.

పై గదుల్లో కలకలం

గుండెకు నాలుగు గదులు. పైన రెండు రక్తాన్ని అందుకుంటాయి, కింద రెండు బయటకు నెడతాయి. మామూలుగా సైనస్ నోడ్ నిమిషానికి 60 నుంచి 100 సార్లు సంకేతం ఇస్తుంది. పై గదులు ముడుచుకుంటాయి. సంకేతం మధ్యలో ఉన్న ఏవీ నోడ్ అనే గేటు దగ్గర క్షణకాలం ఆగి కిందికి దిగుతుంది. అప్పుడు కింది గదులు ముడుచుకుంటాయి.

ఏఎఫ్‌లో తాళం వేసే మనిషి ఒక్కడే ఉండాల్సిన చోట వందమంది తలో తాళం వేస్తున్నట్టవుతుంది. పై గదుల్లో నిమిషానికి 350 నుంచి 600 సంకేతాలు పుడతాయి. గదులు ముడుచుకోవడం మానేసి ఊరికే వణుకుతాయి. ఈసీజీలో వణికే గీత అదే. ఆ సంకేతాలన్నీ కిందికి దిగితే మనిషి బతకడు. అదృష్టం కొద్దీ ఏవీ నోడ్ చాలావాటిని ఆపేస్తుంది. కొన్నిటిని మాత్రం వదులుతుంది, అవీ ఒక వరస లేకుండా. అందుకే వేళ్ల కింద నాడి అలా తడబడుతుంది. మందు లేకపోతే వేగం తరచూ నిమిషానికి 100 నుంచి 160 దాకా ఉంటుంది.

పై గదులు ముడుచుకోకపోతే గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు తగ్గుతుంది. కుర్రవాళ్లకు అది పెద్దగా తెలియకపోవచ్చు. వయసుతో కింది గదులు బిరుసెక్కిన గుండెకు ఆ ఐదో వంతే చాలా ముఖ్యం. మా అమ్మ మెట్ల మీద ఆగింది అది తగ్గడం వల్లే. పెద్దవాళ్లలో ఏఎఫ్ గుర్తులు తరచూ ఇలాగే ఉంటాయి. నీరసం, నాలుగడుగులు వేస్తే ఆయాసం, కళ్లు తిరగడం, పనిమీద ఆసక్తి లేకపోవడం. ప్రతిదానికీ "వయసు" అనే సమాధానం సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఎవరూ నాడి పట్టుకుని చూడరు. సుమారు మూడింట ఒక వంతు మందికి అసలు ఏ గుర్తూ ఉండదు. వేరే పరీక్షకు వెళ్తే బయటపడుతుంది, లేదా పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన రోజున బయటపడుతుంది. రెండోది ఎంత దారుణమో చెప్పక్కర్లేదు.

ఎడమ పక్కనున్న చిన్న సంచి

పారే నీటికి నాచు పట్టదు. నిలిచిన నీటికి పడుతుంది. రక్తమూ అంతే, కదలకుండా ఒక చోట నిలిస్తే గడ్డకడుతుంది.

ఎడమవైపు పై గదికి పక్కన బొటనవేలంత చిన్న సంచి ఒకటి ఉంటుంది. గది సరిగ్గా ముడుచుకుంటున్నంతకాలం ఆ సంచిలోని రక్తం కూడా కదులుతూ ఉంటుంది. గది వణకడం మొదలుపెట్టాక సంచిలో రక్తం నిలుస్తుంది. కవాటాల జబ్బు లేని ఏఎఫ్‌లో ఎడమ పై గదిలో కట్టే గడ్డల్లో సుమారు పదింట తొమ్మిది ఈ సంచిలోనే కడతాయి. అక్కడి నుంచి గడ్డ ఊడితే కింది గదిలోకి, అక్కడి నుంచి పెద్ద ధమనిలోకి, నేరుగా మెదడుకి. ఏఎఫ్ ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు సుమారు ఐదు రెట్లు. పైగా గుండె నుంచి వెళ్లే గడ్డ పెద్దది, పెద్ద రక్తనాళాన్నే మూసేస్తుంది. అందుకే ఏఎఫ్ వల్ల వచ్చే పక్షవాతం మామూలుదాని కన్నా తీవ్రంగా ఉంటుంది. మాట పోతుంది, మంచాన పడతారు, చాలామంది కోలుకోరు.

ఈ ముప్పుకు దడతో పనిలేదు. దడ వచ్చిపోయే రకం ఏఎఫ్‌లోనూ గడ్డ కడుతుంది, ఎప్పుడూ ఉండే రకంలోనూ కడుతుంది. ఎవరికి ముప్పు ఎక్కువో అంచనా వేయడానికి డాక్టర్లు చాడ్స్-వాస్క్ అనే పాయింట్ల లెక్క వాడతారు. గుండె బలహీనపడి ఉంటే 1, బీపీ ఉంటే 1, షుగర్ ఉంటే 1, గుండె లేదా కాళ్ల రక్తనాళాల జబ్బు ఉంటే 1, 65 నుంచి 74 ఏళ్ల మధ్య ఉంటే 1, 75 దాటితే 2, ఇంతకుముందు పక్షవాతం వచ్చి ఉంటే 2. ఆడవాళ్లకు అదనంగా ఒకటి వేసేవారు, 2024లో యూరప్ గుండె వైద్యుల సంఘం దాన్ని తీసేసింది. రెండు పాయింట్లు వస్తే రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్ర వాడమంటారు. అంటే 75 దాటిన మనిషికి వేరే ఏ జబ్బూ లేకపోయినా వయసు ఒక్కటే చాలు. మా అమ్మకు వయసుతో 2, బీపీతో 1, మొత్తం 3.

మాత్రంటే ఎందుకింత భయం?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఇళ్లల్లో గొడవంతా ఈ మాత్ర దగ్గరే.

"రక్తం పల్చబడే మాత్ర" అన్న పేరే సగం భయపెడుతుంది. నిజానికి రక్తం నీళ్లలా అయిపోదు. గడ్డకట్టే ప్రక్రియలో ఒకటి రెండు మెట్లను మాత్రమే ఈ మందులు అడ్డుకుంటాయి. అన్నిటికన్నా పాతది వార్ఫరిన్. "అది ఎలుకల మందట" అని ఎవరో చెప్పగా విని ఆపేసినవాళ్లను నేను చూశాను. ఆ మాటలో నిజముంది. 1920లలో ఉత్తర అమెరికాలో బూజు పట్టిన గడ్డి తిన్న పశువులు రక్తం కారి చచ్చిపోయేవి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాల ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చింది. 1954లో మనుషులకు మందుగా అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చినప్పుడు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఇచ్చిందీ అదే. విషమా మందా అన్నది డోసు తేలుస్తుంది. ఏఎఫ్‌లో సరిగ్గా వాడితే వార్ఫరిన్ పక్షవాతాల్ని దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది. మందులన్నిట్లో ఇంత మేలు చేసేవి కొన్నే.

వార్ఫరిన్‌తో ఇబ్బంది దాని సరిహద్దు ఇరుకుగా ఉండటం. రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష ఫలితం 2కి 3కి మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఆకుకూరలు, యాంటీబయాటిక్స్, నొప్పి మాత్రలు అన్నీ దాన్ని అటూ ఇటూ లాగుతాయి. ఆకుకూరలు మానేయమని కొందరు చెబుతారు, అది సరికాదు. రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటూ ఉంటే చాలు, డోసును దానికి తగ్గట్టు కుదురుస్తారు.

2010 నుంచి కొత్తవి వచ్చాయి. డబిగట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్, ఎడాక్సబాన్. వీటికి ఐఎన్ఆర్ అక్కర్లేదు, తిండి పట్టింపు కూడా తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, తలలో రక్తస్రావం వార్ఫరిన్‌తో పోలిస్తే సుమారు సగమే. అందుకే ఇప్పుడు చాలామందికి ముందుగా ఇవే రాస్తారు. అయితే కృత్రిమ లోహపు కవాటం పెట్టించుకున్నవాళ్లకు, కీళ్లవాత జ్వరం వల్ల మైట్రల్ కవాటం (ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్యది) బాగా ఇరుకైనవాళ్లకు వార్ఫరిన్ లాంటి పాత రకమే వాడాలి. ఇంకో సంగతి. ఏళ్ల తరబడి పాత మందు మీద నిలకడగా ఉన్న బలహీనమైన వృద్ధులను కొత్తదానికి మార్చి చూస్తే రక్తస్రావాలు పెరిగాయని 2023లో నెదర్లాండ్స్ అధ్యయనం ఒకటి తేల్చింది. కొత్తది అన్న కారణంతో మార్చేయకూడదన్నమాట.

"అంత ఘాటు మందు ఎందుకు, ఆస్పిరిన్ వేసుకుంటే పోలా?" ఇది అన్ని ఇళ్లలోనూ వినిపించే ప్రశ్న. పెద్దవయసువాళ్లకు అది సున్నితమైన దారి అని చాలాకాలం డాక్టర్లు కూడా అనుకున్నారు. 2007లో బ్రిటన్‌లో 75 దాటిన 973 మందిని రెండు గుంపులుగా చేసి సగం మందికి వార్ఫరిన్, సగం మందికి ఆస్పిరిన్ ఇచ్చి చూశారు. వార్ఫరిన్ గుంపులో పక్షవాతాలు, అలాంటి పెద్ద ప్రమాదాలు సగానికి తగ్గాయి. రక్తస్రావం మాత్రం ఆస్పిరిన్ కన్నా ఎక్కువ కాలేదు. 2011లో వార్ఫరిన్ పడనివాళ్లలో అపిక్సబాన్‌ను ఆస్పిరిన్‌తో పోల్చారు. పక్షవాతం ఏడాదికి నూటికి 3.7 నుంచి 1.6కు పడింది, పెద్ద రక్తస్రావాలు రెండిటికీ దాదాపు సమానం. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. అంటే ఏఎఫ్‌లో ఆస్పిరిన్ రక్తస్రావం ముప్పును పూర్తిగా తెస్తుంది, రక్షణ మాత్రం కొద్దిగానే ఇస్తుంది.

"అమ్మ పడిపోతుంటుంది, తల పగిలితే?" ఇది నా భయం కూడా. 1999లో కెనడా పరిశోధకులు దీని మీద ఒక లెక్క కట్టారు. పడిపోవడం వల్ల వచ్చే రక్తస్రావం నష్టం వార్ఫరిన్ లాభాన్ని మించాలంటే ఆ మనిషి ఏడాదికి సుమారు 295 సార్లు పడాలి. అది లెక్క మాత్రమే, పడిపోవడాన్ని తేలిగ్గా తీసుకోమని దాని అర్థం కాదు. బాత్రూంలో పట్టుకునే కడ్డీ, రాత్రి దీపం, జారని చెప్పులు, కళ్లు తిరిగేలా చేసే మాత్రల్ని తగ్గించడం, ఇవన్నీ చేయాలి. కానీ పడతారేమోనన్న భయంతో మాత్ర ఆపడం తప్పు లెక్క.

భయంతో చేసే ఇంకో పని, డోసు సగం చేయడం. "పెద్దావిడ కదా, చిన్న డోసు చాలు" అనడం వినడానికి బాగానే ఉంటుంది. కానీ తగ్గించడానికి కచ్చితమైన నియమాలున్నాయి. ఉదాహరణకు అపిక్సబాన్‌ని 80 ఏళ్లు నిండటం, బరువు 60 కిలోలు లేదా అంతకన్నా తక్కువ ఉండటం, కిడ్నీల పనితనం చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో 1.5 లేదా అంతకన్నా ఎక్కువ ఉండటం, ఈ మూడింటిలో రెండు ఉంటేనే తగ్గిస్తారు. లేనప్పుడు తగ్గిస్తే రక్షణ తగ్గుతుంది. కిడ్నీల పనితనం వయసుతో మారుతుంది కాబట్టి ఏడాదికి కనీసం ఒకసారి, 75 దాటాక లేదా కిడ్నీలు బలహీనంగా ఉంటే ఇంకా తరచుగా రక్తపరీక్ష చేయించాలి.

అమ్మకు పన్ను తీయించాల్సి వచ్చినప్పుడు ఒక దంతవైద్యశాలలో మాత్ర వారం రోజులు ఆపమన్నారు. నేను సరే అనేసి ఇంటికొచ్చేశాను. రాత్రి ఎందుకో మనసొప్పక గుండె డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఒక్క పన్నుకు వారం అక్కర్లేదని, ఆ రోజు పొద్దుటి మాత్ర ఆలస్యంగా వేస్తే చాలని చెప్పారు. దూది నొక్కిపెట్టి ఉంచితే కాసేపటికి రక్తం ఆగింది. అమ్మ వాడేలాంటి కొత్త మందుల ప్రభావం ఒకటి రెండు రోజుల్లో పోతుంది. వారం ఆపడమంటే అయిదారు రోజులు ఏ రక్షణా లేకుండా వదిలేయడమే. ఏ చికిత్సకైనా ఎన్ని రోజులు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో మందు రాసిన డాక్టరునే అడగాలి.

నొప్పి మాత్రల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మోకాళ్ల నొప్పికి ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అడగకుండా కొనుక్కుని వేసుకోవడం మనకు అలవాటు. రక్తం గడ్డకట్టనివ్వని మాత్రతో ఇవి కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు బాగా పెరుగుతుంది. పారాసెటమాల్ మేలు, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో.

మాత్ర ఏ రకంగానూ పడనివాళ్లకు ఆ చిన్న సంచి మూతినే మూసేసే పరికరం ఉంది. తొడ దగ్గరి రక్తనాళం గుండా తీసుకెళ్లి అమరుస్తారు.

వేగమా, లయా?

గడ్డ సంగతి చూశాక మిగిలినవి రెండు. వేగం తగ్గించడం ఒక దారి, లయనే మళ్లీ సరిచేయడం ఇంకో దారి.

వేగానికి మెటొప్రొలాల్, బిసొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, లేదా డిల్టియాజెమ్, కొందరికి డిగాక్సిన్ ఇస్తారు. గుండె తడబడుతూనే ఉంటుంది, కానీ నెమ్మదిగా తడబడుతుంది. కూర్చున్నప్పుడు వేగం 110 లోపు ఉంటే చాలామందికి సరిపోతుందని 2010లో నెదర్లాండ్స్ అధ్యయనం చూపించింది. డిగాక్సిన్ విషయంలో పెద్దవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. కిడ్నీలు నెమ్మదిస్తే అది ఒంట్లో పేరుకుపోతుంది. అన్నం సహించకపోవడం, వాంతులు, మతిలేనట్టు మాట్లాడటం, చూపు పసుపుగా కనపడటం దాని గుర్తులు.

లయ సరిచేయడానికి అమియోడరోన్ లాంటి మందులున్నాయి. బాగా పనిచేస్తుంది, కానీ థైరాయిడ్‌నీ ఊపిరితిత్తుల్నీ కాలేయాన్నీ దెబ్బతీయగలదు కాబట్టి క్రమంగా పరీక్షలు కావాలి. కాసేపు మత్తు ఇచ్చి ఛాతీకి షాక్ ఇస్తే లయ వెంటనే తిరిగి వస్తుంది, కాకపోతే ముందు కనీసం మూడు వారాలు గడ్డకట్టనివ్వని మాత్ర వాడి ఉండాలి, లేదా గొంతులోంచి ఎకో చేసి గడ్డ లేదని తేల్చుకోవాలి. తర్వాత కనీసం నాలుగు వారాలు మాత్ర ఆపకూడదు. మూడో మార్గం అబ్లేషన్. ఏఎఫ్‌ను రేపే సంకేతాలు చాలావరకు ఊపిరితిత్తుల నుంచి ఎడమ పై గదికి వచ్చే రక్తనాళాల మూతుల దగ్గర పుడతాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో హైసాగేర్ బృందం కనిపెట్టింది. ఆ మూతుల చుట్టూ సన్నని మచ్చ గీస్తే సంకేతం గదిలోకి రాలేదు. అబ్లేషన్ అంటే అదే.

ఏది మేలు? 2002లో 4,060 మంది మీద అమెరికా, కెనడాల్లో జరిగిన అధ్యయనంలో లయ సరిచేయడానికి ప్రయత్నించినవాళ్లు, వేగం తగ్గించుకుని ఊరుకున్నవాళ్ల కన్నా ఎక్కువకాలం బతకలేదు. 2020లో యూరప్‌లో 2,789 మంది మీద జరిగినదానిలో, జబ్బు బయటపడ్డ ఏడాదిలోపే లయ సరిచేస్తే గుండె సంబంధ మరణాలు, పక్షవాతాలు, గుండె జబ్బు ముదిరి ఆసుపత్రి పాలవడం, ఇవన్నీ కలిపి చూస్తే తగ్గాయి. కాబట్టి జబ్బు కొత్తదైతే, మనిషి ఓపికగా తిరుగుతుంటే లయ కోసం ప్రయత్నించడం న్యాయం. ఏళ్లుగా ఉండి, గదులు సాగిపోయి, ఏ ఇబ్బందీ లేని 85 ఏళ్ల మనిషిని ఆ తంటాలు పెట్టడంలో అర్థం లేదని నా అభిప్రాయం.

2002 అధ్యయనంలో ఇంకో పాఠం ఉంది. రెండు గుంపుల్లోనూ పక్షవాతం వచ్చినవాళ్లలో ఎక్కువమంది వార్ఫరిన్ ఆపేసినవాళ్లు, లేదా ఐఎన్ఆర్ 2 కన్నా తక్కువ ఉన్నవాళ్లు. లయ బాగుపడింది కదా అని మాత్ర మానేసినవాళ్లు అందులో ఉన్నారు. షాక్ తర్వాతైనా, అబ్లేషన్ తర్వాతైనా, పేస్‌మేకర్ పెట్టాకైనా గడ్డ ముప్పు పాయింట్ల లెక్కనే అనుసరిస్తుంది. పేస్‌మేకర్ నాడిని క్రమంగా చేయగలదు, పై గదుల వణుకును ఆపలేదు.

ఏఎఫ్‌ను రేపేవి

ఏఎఫ్ బయటపడగానే థైరాయిడ్ పరీక్ష అడగాలి. పెద్దవాళ్లలో థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా పైకి తెలియదు, ఒక్కోసారి ఏఎఫ్ ఒక్కటే దాని గుర్తు. పొటాషియం, మెగ్నీషియం తగ్గడం, న్యుమోనియా, పెద్ద ఆపరేషన్ కూడా రేపుతాయి. దీర్ఘకాలంలో గదుల్ని సాగదీసేది ముఖ్యంగా బీపీ. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లకు స్లీప్ ఆప్నియా ఉండొచ్చు. దానికి వైద్యం చేయకపోతే సరిచేసిన లయ మళ్లీ తప్పుతుంది. లావుగా ఉన్నవాళ్లు పదోవంతు బరువు తగ్గి నిలబెట్టుకుంటే ఏఎఫ్ బాగా తగ్గిందని, మద్యం మానేస్తే తిరగబెట్టడం తగ్గిందని ఆస్ట్రేలియా అధ్యయనాలు చెప్పాయి. కాఫీ మీద మాత్రం అనవసరంగా నింద పడింది. పడనివాళ్లు మానుకోవాలి, పడినవాళ్లు మితంగా తాగొచ్చు.

ఇంట్లో చేయగలిగింది

నాడి చూడటం అందరూ నేర్చుకోవాలి. బొటనవేలు వాడకూడదు, దానికి సొంత నాడి ఉంటుంది. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు ఎదుటివాళ్ల బొటనవేలి మొదట్లో, మణికట్టు గుంట మీద ఆనించి నిమిషం పాటు చూడాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే క్రమం లేని నాడిలో లెక్క తప్పుతుంది. ఏఎఫ్‌లో కొన్ని దెబ్బలు మణికట్టు దాకా రావు కూడా, కాబట్టి గుండె అసలు వేగం వేళ్లకు తెలిసినదాని కన్నా ఎక్కువ ఉండొచ్చు. బీపీ మిషన్ కూడా ఏఎఫ్‌లో తడబడుతుంది. మూడుసార్లు చూసి సగటు తీసుకోవాలి.

చేతి వాచీలు ఇప్పుడు నాడి తేడాను పట్టిస్తున్నాయి. పనికొచ్చేవే. కానీ వాచీ చెప్పిందని మాత్ర మొదలుపెట్టరు, ఈసీజీలో కనపడాలి. రోజుకు పదిసార్లు వాచీ చూసుకుంటూ టెన్షన్ పడితే ఆ టెన్షన్‌కే నాడి పెరుగుతుంది.

మాత్ర వేళ తప్పకూడదు. అపిక్సబాన్, డబిగట్రాన్ రోజుకు రెండుసార్లు, ఎడాక్సబాన్ ఒక్కసారి, రివరాక్సబాన్ భోజనంతో పాటు ఒక్కసారి. డబిగట్రాన్ గొట్టం మాత్రను (క్యాప్సూల్‌ను) విప్పి పొడి వేసుకోకూడదు, మందు అవసరానికి మించి రక్తంలోకి చేరుతుంది. మర్చిపోయినప్పుడు తర్వాతి పూట రెండు కలిపి వేసుకోవడం మరీ ప్రమాదం. గళ్ల డబ్బాలో వారానికి సర్దిపెడితే వేశారో లేదో అన్న అనుమానం ఉండదు.

ఛాతీనొప్పి, కూర్చున్నా ఆయాసం, స్పృహ తప్పడం, మందు వాడుతున్నా తగ్గని విపరీతమైన వేగం ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. మాత్ర వాడేవాళ్లు తలకు దెబ్బ తగిలితే పైకి ఏమీ కనపడకపోయినా చూపించాలి. విరేచనం తారులా నల్లగా అవుతుంటే ఆగకూడదు. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం కనపడితే గడియారం చూసుకుని బయల్దేరాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే సమయం. పెద్ద రక్తనాళం మూసుకుంటే తీగతో గడ్డను బయటకు లాగే చికిత్సకు ఇంకాస్త ఎక్కువ సమయం ఉండొచ్చు, అదీ త్వరగా వెళ్తేనే. అక్కడ మొదట అడిగే ప్రశ్నలు రెండు. ఎప్పటిదాకా బాగున్నారు? గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర ఏది, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు? ఆ జవాబును బట్టే ఇంజెక్షన్ ఇవ్వొచ్చో లేదో తేలుస్తారు.

అందుకని మా ఇంట్లో తలుపు వెనక ఒక కాగితం అంటించాను. మాత్ర పేరు, డోసు, అమ్మ బరువు, చివరి క్రియాటినిన్, గుండె డాక్టరుగారి ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. కింద తేదీల గళ్లు. పొద్దున, రాత్రి మాత్ర వేసుకోగానే అమ్మ తనే పెన్ను తీసుకుని టైము రాస్తుంది. నిన్న రాత్రి గడిలో 8:10 అని ఉంది.